బండి మీద పేరు, చేతిలో తాళం, పుస్తకంలో లెక్క

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా చండ్రుగొండలో యువతీ యువకుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను "యువత – ఉపాధి" మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను లారీ గురించి చెబుతాను. ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌కు లారీతో ఏం పని అని కొందరు నవ్వుకుంటున్నారు, నాకు కనబడుతూనే ఉంది. పని ఉంది. ఆదివారాలు పిల్లలను చూడటానికి వాళ్ళ నాన్నలు, అన్నలు వస్తారు. పిల్లకు పండ్లు, పచ్చడి ఇచ్చాక చొక్కా జేబులోంచి ఒక కాగితం తీస్తారు. "మేడం, ఇదేందో ఇంగ్లీషుల రాసిన్రు, జర చదివి చెప్పున్రి" అంటారు. ఫైనాన్సు కంపెనీ నోటీసు, ఇన్సూరెన్సు పాలసీ, ఆర్టీవో ఆఫీసు కాగితం, ఇంకెవరి అప్పుకో జామీను పడ్డ పత్రం. ఇన్నేళ్ళలో ఇటువంటి కాగితాలు చాలా చదివాను. బీఈడీ చేసింది పిల్లలకు పాఠాలు చెప్పడానికే గాని, లారీ పాఠం మాత్రం ఈ కాగితాలే నాకు నేర్పాయి. ఆ పాఠమే ఈ రోజు మీకు అప్పజెబుతాను.

ముందు ఒక్కసారి మన రోడ్డు వైపు చూడండి. జామాయిల్ కర్ర సారపాక కాగితం ఫ్యాక్టరీకి పోతుంది. పామాయిల్ గెలలు అశ్వారావుపేట, అప్పారావుపేట ఫ్యాక్టరీలకు పోతాయి. సింగరేణి బొగ్గు, పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీ బూడిద, గోదావరి ఇసుక, ఎండాకాలంలో తునికాకు, ఇవన్నీ మన ప్రాంతంలో పుట్టి చక్రాల మీద బయటికి పోయేవే. కోత మన చేతులది. మోత మన భుజాలది. మరి ఆ చక్రాలు ఎవరివి? మీ ఊరి మీదుగా పోయే పది లారీలను ఆపి ఓనరు ఎవరని అడగండి. మనవాళ్ళు ఎందరున్నారో మీకే తెలుస్తుంది. స్టీరింగు దగ్గర మన పిల్లవాడు కనబడతాడు. ఆర్‌సీ పుస్తకంలో కనబడడు. కొన్నిసార్లు ఆర్‌సీలోనూ కనబడతాడు గాని, బండి మాత్రం అతనిది కాదు. ఆ సంగతికి తరవాత వస్తాను.

రోడ్డుతో మనకున్న సంబంధం కొత్తది కాదు. 1922లో మన్యం పితూరీ రగలడానికి కారణాల్లో ఒకటి రోడ్డు పనే. గూడెం కొండల్లో రోడ్డు వేయడానికి మన ఆదివాసుల చేత చాలీచాలని కూలికి చాకిరీ చేయించారు. మన బంజారా అన్నదమ్ముల సంగతి ఇంకా పాతది. ఈ దేశంలో సరుకు రవాణా అంటేనే ఒకప్పుడు లంబాడీల ఎద్దుల బిడారు. ఉప్పు, ధాన్యం ఎద్దుల వీపుల మీద వేసుకుని దక్కన్ అంతా తిరిగేవారు. 17వ శతాబ్దంలో ఇక్కడ తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్ ఒక్కో బిడారులో పది, పన్నెండు వేల ఎద్దులు నడిచేవని రాశాడు. ఆ ఎద్దులు వాళ్ళ సొంతం. దారి, లెక్క, ఏ ఊళ్ళో ఏ సరుకుకు గిరాకీ ఉందో అన్నీ వాళ్ళకు తెలుసు. 19వ శతాబ్దంలో రైళ్ళు, పక్కా రోడ్లు వచ్చాక ఆ వ్యాపారం చచ్చిపోయింది. బతుకుదెరువు పోయినవాళ్ళ మీద 1871 నాటి నేరస్థ జాతుల చట్టం పడింది.

ఈ చరిత్ర గొప్పలు చెప్పుకోవడానికి తీయలేదు. రవాణాలో దెబ్బ ఎటునుంచి వస్తుందో తెలుసుకోవడానికి తీశాను. మన కళ్ళ ముందే ఒకటి జరిగింది. సత్తుపల్లి ఓపెన్ కాస్టు గనుల బొగ్గు ఏళ్ళ తరబడి లారీల మీద కొత్తగూడెం చేరేది. ఆ కిరాయిని నమ్ముకుని ఎందరో అప్పు చేసి బండ్లు కొన్నారు. కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్ నుంచి సత్తుపల్లికి 54 కిలోమీటర్ల రైలు మార్గం 2022లో సిద్ధమైంది. అది మన చండ్రుగొండ మీదుగానే పోతుంది. ఇప్పుడు బొగ్గు గూడ్సు బండి ఎక్కింది. రోడ్డు మీద దుమ్ము తగ్గింది, ప్రమాదాలు తగ్గుతాయి, ఊళ్ళకు మంచిదే. కాని ఒక్క కిరాయినే నమ్ముకుని కిస్తీ కట్టేవాడి సంగతేమిటి? అందుకే నేను ఎప్పుడూ ఒకే మాట చెబుతాను. బండి కొనే ముందు బండిని చూడకండి, బండికి దొరికే కిరాయిని చూడండి.

ఇక మొదటి మెట్టు నుంచి వద్దాం.

పదో తరగతి తప్పగానే పదహారేళ్ళ పిల్లవాణ్ణి క్లీనరుగా లారీ ఎక్కించకండి. వాడు రాత్రి నిద్ర మానుకుని టైర్లు తట్టుకుంటూ తిరుగుతాడు, లైసెన్సు వయసు వచ్చేసరికి ఒళ్ళు గుల్లవుతుంది. వాణ్ణి సప్లిమెంటరీ రాయించండి. లారీ డ్రైవరుకు ఇంతకుముందు ఎనిమిదో తరగతి చదువు తప్పనిసరిగా ఉండేది, 2019లో ఆ నిబంధన తీసేశారు. చదువు రానివాళ్ళకు అది మంచి అవకాశమే. అంతమాత్రాన చదువు అక్కరలేదని కాదు. ఈ రోజు డ్రైవరు చదవాల్సినవి ఎన్నో ఉన్నాయి. వే బిల్లు, కాటా చీటీ, ఫాస్టాగ్ లెక్క, ఫోన్‌లో దారి, పక్క రాష్ట్రంలో వేరే భాష బోర్డులు. చదవలేనివాడు ప్రతిచోటా ఇంకొకడి నోటి మీద ఆధారపడాలి. ఆ నోరు ప్రతిసారీ నిజం చెప్పదు.

18 ఏళ్ళు నిండాక తేలిక వాహనం లైసెన్సు తీసుకోవచ్చు. ముందు లెర్నింగ్ లైసెన్సు, అది ఆరు నెలలు పనిచేస్తుంది. నెల దాటాక డ్రైవింగ్ పరీక్షకు వెళ్ళవచ్చు. రవాణా వాహనం నడపాలంటే మోటారు వాహనాల చట్టం ప్రకారం 20 ఏళ్ళు నిండాలి. భారీ వాహనం నేర్చుకోవడానికి లెర్నింగ్ లైసెన్సు కావాలంటే తేలిక వాహనం లైసెన్సు వచ్చి కనీసం ఏడాది కావాలి. కాబట్టి 18 నిండగానే ఆ మొదటి లైసెన్సు తీసి పెట్టుకోండి, తరవాత రెండేళ్ళు వృథా కావు. రవాణా వాహనం లైసెన్సు అయిదేళ్ళకోసారి మార్చుకోవాలి. పెట్రోలు ట్యాంకరు, గ్యాసు బండి లాంటివి నడపాలంటే ప్రమాదకర సరుకు శిక్షణ అదనంగా కావాలి. ఆ శిక్షణ ఉన్నవాడికి పని దొరకడం సులువు.

2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. మొత్తం బరువు 7,500 కిలోలు దాటని సరుకు బండిని తేలిక వాహనం లైసెన్సుతోనే నడపవచ్చు, వేరే అనుమతి అక్కరలేదు అని. మన పిల్లలకు ఇది పనికొచ్చే సంగతి. పెద్ద లారీకి వెళ్ళేముందు ఏడాదో రెండేళ్ళో చిన్న సరుకు బండి మీద కూరగాయలు, కిరాణా, సిమెంటు తోలి చూడండి. బేరం ఆడటం, లోడు కట్టడం, తాడు బిగించడం, రివర్సు తీయడం అక్కడే వస్తాయి. పద్ధతిగా నేర్చుకోవాలనుకునేవారికి రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో అశోక్ లేలాండ్‌తో కలిసి ప్రభుత్వం పెట్టిన డ్రైవర్ల శిక్షణ సంస్థ ఉంది. ఊళ్ళో అన్న పక్కన కూర్చుని నేర్చుకున్నది బండిని నడపడానికి సరిపోతుంది. ఘాట్ రోడ్డులో నిండు లోడుతో దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కకుండా గేరు మీద ఎలా దింపాలో ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి.

ఆడపిల్లలారా, ఇదంతా అన్నల కోసం అనుకుని మీరు ఫోన్లు చూసుకోకండి. యాదాద్రి భువనగిరి జిల్లా సంస్థాన్ నారాయణపురం మండలం సీత్యా తండా బిడ్డ సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరుగా చేరారు. పదేళ్ళు ఢిల్లీ ట్రాఫిక్‌లో బస్సు నడిపి 2025లో మన తెలంగాణ ఆర్టీసీలో మొదటి మహిళా డ్రైవరుగా వచ్చారు. తండా నుంచి వెళ్ళిన అమ్మాయే. లారీ నడపకపోయినా సరే, మీ ఇంటి బండి లెక్క రాసేది మీరే కావచ్చు. దాని సంగతి ఇప్పుడు చెబుతాను.

డ్రైవరుగా పనిచేసే అయిదారేళ్ళు జీతం కోసం మాత్రమే కాదు. అవి మీకు దొరికే ఉచిత కాలేజీ. ఓనరు డబ్బుతో ఓనరు బండి మీద వ్యాపారం నేర్చుకునే కాలం. వంద పేజీల నోటు పుస్తకం ఒకటి కొనుక్కోండి. ప్రతి ట్రిప్పుకు ఒక పేజీ. ఎక్కడ లోడు, ఎన్ని టన్నులు, కిరాయి ఎంత, లారీ ఆఫీసు కమీషను ఎంత, డీజిల్ ఎన్ని లీటర్లు, టోలు ఎంత, లోడింగ్ అన్‌లోడింగ్ కూలి, మీ బత్తా, ఎన్ని గంటలు ఖాళీగా నిలబడ్డారు, తిరుగు లోడు దొరికిందా లేదా. ఏడాది రాస్తే ఏ నెలలో ఏ సరుకు కదులుతుందో, ఏ వ్యాపారి డబ్బు వెంటనే ఇస్తాడో, ఎవడు మూడు నెలలు తిప్పుతాడో ఆ పుస్తకమే చెబుతుంది. ఓనరు అడిగితే చూపించండి, ఇందులో దొంగతనం ఏమీ లేదు. ఇటువంటి పుస్తకం రాసిన డ్రైవరును ఓనరు వదులుకోడు.

ఈ లెక్కల్లో మొదటి పాఠం ఒకటుంది. కిరాయి ఒకవైపే వస్తుంది, డీజిల్ రెండువైపులా తాగుతుంది. లోడు వేసుకుని వంద కిలోమీటర్లు పోయి, ఖాళీగా వంద కిలోమీటర్లు వచ్చారనుకోండి. సగటున లీటరుకు 4 కిలోమీటర్లు వస్తే 50 లీటర్లు. లీటరు 95 రూపాయలు వేసుకున్నా 4,750 రూపాయలు. తిరుగు లోడు దొరికిన రోజు లాభం, దొరకని రోజు నష్టం. అందుకే పాత డ్రైవర్లు ఊరు మారినప్పుడల్లా నలుగురితో పరిచయం పెంచుకుంటారు. ఆ పరిచయాలే రేపు మీ బండికి లోడు తెస్తాయి.

ఒంటి సంగతి కూడా చెప్పాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పెట్టింది. మన రోడ్ల మీద అది ఎంత అమలైందో మీకు తెలుసు. కాని కన్ను మూతపడితే చట్టం కాపాడదు. ఓనరు "తెల్లారేసరికి చేరాలి" అంటే "నిద్ర వస్తే ఆపుతా" అని ముందే చెప్పండి. మందు తాగి స్టీరింగు పట్టుకుంటే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. ఏడాదికోసారి కళ్ళు చూపించుకోండి. కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్లకు 2025లో ఏసీ తప్పనిసరి చేశారు. మనవాళ్ళు చాలామంది ఇంకా పాత బండ్ల మీదే ఉంటారు కాబట్టి ఎండాకాలం మధ్యాహ్నం బండి చెట్టు కింద పెట్టండి.

ప్రమాదం జరిగితే ఏం చేయాలో కూడా ఇంట్లో అందరూ తెలుసుకోవాలి. దెబ్బ తగిలినవాళ్ళకు వైద్యం అందేలా చూడటం, పోలీసులకు చెప్పడం డ్రైవరు బాధ్యత అని చట్టం. జనం కొడతారని భయమైతే దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్ళి చెప్పండి, 108కి, 100కి ఫోను చేయండి. కొత్త న్యాయ సంహితలో చెప్పకుండా పారిపోయిన డ్రైవరుకు పదేళ్ళ దాకా శిక్ష అని పెట్టినప్పుడు 2024 జనవరిలో దేశమంతా లారీలు ఆగాయి, పెట్రోలు బంకుల దగ్గర జనం బారులు తీరారు. ఆ సెక్షనును అప్పటికి పక్కన పెట్టారు. శిక్ష సంగతి అలా ఉంచి, మనిషి ప్రాణం సంగతి చూడాలి. రోడ్డు మీద పడ్డవాడు కూడా ఏ గూడెం బిడ్డో అయి ఉంటాడు.

ఇప్పుడు అసలు సంగతి, సొంత బండి.

లెక్క కోసం అనుకుందాం. పాత పది టైర్ల లారీ 12 లక్షలు. చేతి నుంచి 4 లక్షలు, అప్పు 8 లక్షలు, మూడేళ్ళు, అంటే 36 కిస్తీలు. ఒక కంపెనీ వాడు "18 శాతం, తగ్గుతూ పోయే వడ్డీ" అన్నాడు. ఇంకొకడు "మాది 12 శాతమే, ఫ్లాట్" అన్నాడు. ఎవరిది చవక? చేతులు ఎత్తండి. చూశారా, అందరూ 12 అన్నారు. లెక్క వేద్దాం. 18 శాతం తగ్గే వడ్డీకి కిస్తీ నెలకు సుమారు 28,900. ఫ్లాట్ అంటే మీరు సగం అప్పు తీర్చేసినా వడ్డీ మాత్రం మొత్తం 8 లక్షల మీదే పడుతుంది. 8 లక్షలకు 12 శాతం చొప్పున ఏడాదికి 96,000, మూడేళ్ళకు 2,88,000. అసలు కలిపి 10,88,000. 36తో భాగిస్తే 30,222. చవక అనుకున్నదే నెలకు 1,300 రూపాయలు ఎక్కువ. తగ్గే వడ్డీ లెక్కన చూస్తే ఆ 12 శాతం 21 దాటుతుంది. వాడు అబద్ధం చెప్పలేదు, మనం అడగలేదు.

దీనికి ఒక ఆయుధం వచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త అప్పులకు బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు "కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్" అనే కాగితం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. అన్ని ఖర్చులూ కలిపి అసలు వార్షిక వడ్డీ ఎంతో అందులో ఉండాలి. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలి. "తెలుగులో ఆ కాగితం ఇవ్వండి" అని అడగండి. ఇవ్వకపోతే సంతకం పెట్టకండి. రాయని చెక్కుల మీద, ఖాళీ కాగితాల మీద సంతకం అసలే వద్దు.

ఇప్పుడు నెల ఖర్చు. కిస్తీ 28,900. ఇన్సూరెన్సు, టాక్సు, ఫిట్‌నెస్ నెలకు 8,000 చొప్పున పక్కన పెట్టాలి. ఇది ఎక్కువ అనుకోకండి, 20 నుంచి 40 టన్నుల లోపు బండికి 2022లో ఖరారు చేసిన థర్డ్ పార్టీ ప్రీమియం ఒక్కటే ఏడాదికి 43,950 రూపాయలు. టైర్లు, రిపేర్లకు 15,000. మీరే డ్రైవరు అయినా మీ జీతం 20,000 వేసుకోవాలి. వేసుకోకపోతే బండి మిమ్మల్ని ఉచితంగా వాడుకుంటున్నట్టే. మొత్తం 71,900. డీజిల్, కూలీలు, టోలు పోను ట్రిప్పుకు 4,000 మిగిలితే నెలకు 18 ట్రిప్పులు కావాలి. 18 ట్రిప్పులు వస్తే మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు. పందొమ్మిదో ట్రిప్పు నుంచి లాభం మొదలవుతుంది. మీ నోటు పుస్తకం తీసి చూడండి. ఏ నెలలోనైనా 18 ట్రిప్పులు తోలారా?

వానాకాలం సంగతి కూడా వేసుకోండి. అడవి దారులు బురద అవుతాయి, జామాయిల్ నరకడం ఆగుతుంది, గోదావరి నిండితే ఇసుక ఆగుతుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు వంతెన మీద రాకపోకలే ఆపేశారు. అటువంటి నెలలో 8 ట్రిప్పులు దొరికితే 32,000. కిస్తీకి, ఇన్సూరెన్సుకే 36,900 కావాలి. బియ్యం ఖర్చు ఎక్కడి నుంచి తెస్తారు? మా హాస్టల్‌లో చదివిన ఒక పిల్ల తండ్రి బండి ఇటువంటి రెండు వానాకాలాల తరవాత సీజు అయింది. ఆయన తాగుబోతు కాదు, సోమరి కాదు. రైలు వచ్చింది, వాన వచ్చింది, చేతిలో నిల్వ లేదు. మూడు కిస్తీల డబ్బు, అంటే ఈ లెక్కలో సుమారు 87,000, ముట్టుకోకుండా బ్యాంకులో పెట్టుకున్నాకే బండి కొనండి. నెలకు 8,000 దాచితే 4 లక్షలకు నాలుగేళ్ళ రెండు నెలలు, ఈ నిల్వకు ఇంకో పదకొండు నెలలు పడుతుంది. ఇరవై రెండేళ్ళకు డ్రైవరైనవాడు ఇరవై ఎనిమిదికి ఓనరు కావచ్చు. ఆలస్యం కాదు అది.

కిస్తీ తప్పినా మీకు హక్కులుంటాయి. వసూలు చేసేవాళ్ళు ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 తరవాత ఫోను చేయకూడదని 2022లో రిజర్వు బ్యాంకు చెప్పింది. రౌడీలను పంపి బండి గుంజుకోవడం తప్పని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. కిస్తీ తప్పుతుందని తెలిసినప్పుడు ఫోను ఆపేయకండి. ముందే వెళ్ళి రాతపూర్వకంగా గడువు అడగండి, రసీదు తీసుకోండి.

ప్రభుత్వ పథకాలు ఉన్నాయి. ముద్ర అప్పు 2015లో వచ్చింది, తాకట్టు లేకుండా 10 లక్షల దాకా ఇచ్చేలా పెట్టారు, రవాణా వాహనాలకూ వర్తిస్తుంది. ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2014లో తెచ్చిన టీ-ప్రైడ్‌లో 35 శాతం సబ్సిడీ పెట్టారు, మహిళలకు ఇంకొంత ఎక్కువ. భద్రాచలం ఐటీడీఏ ద్వారా ట్రైకార్ పథకాలు వస్తుంటాయి. షరతులు మారుతుంటాయి కాబట్టి కొత్తగూడెంలో జిల్లా పరిశ్రమల కేంద్రానికి, భద్రాచలంలో ఐటీడీఏకు మీరే స్వయంగా వెళ్ళి అడగండి. ఒక్క జాగ్రత్త. సబ్సిడీ చాలాసార్లు బండి కొన్న ఎంతో కాలానికి వస్తుంది. సబ్సిడీ రాకపోయినా కిస్తీ కట్టగలనా అని లెక్క వేసుకోండి. కట్టగలిగితేనే ముందుకు పోండి.

ఇందాక ఆపిన మాట ఇప్పుడు చెబుతాను. సబ్సిడీ మనకుంది గనక మన పేరుకు ధర పలుకుతుంది. "నీ పేరు మీద బండి తీస్తాను, నీకు యాభై వేలు ఇస్తాను, నీకేం పని లేదు" అని ఎవరైనా వస్తారు. యాభై వేలు ఒకేసారి చూడని ఇంటికి అది పెద్ద డబ్బే. కాని వినండి. రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వాళ్ళే ఓనరు. 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఇన్సూరెన్సు లేకుండా ఆ బండి ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం నోటీసు మీ గూడెం వెతుక్కుంటూ వస్తుంది. కిస్తీ ఎగ్గొడితే మీ పేరు చెడుతుంది, రేపు మీ కొడుకు నిజంగా బండి కొనాలంటే ఏ బ్యాంకూ అప్పు ఇవ్వదు. ఎక్కువ లోడు వేస్తే 20,000 జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు ఇంకో 2,000, అదీ ఓనరు మెడకే చుట్టుకోవచ్చు. అన్నిటికన్నా పెద్ద నష్టం, ఆ సబ్సిడీ నిజంగా లారీ తోలగల మన పిల్లవాడికి దక్కకుండా పోవడం. బండి మనది అనాలంటే మూడు ఉండాలి. ఆర్‌సీలో మన పేరు, చేతిలో మన తాళం, మన పుస్తకంలో లెక్క. మూడింటిలో ఏది తక్కువైనా ఆ బండి ఇంకొకరిదే.

పాత బండి కొనేటప్పుడు కాగితాలు చూడటం కూడా నేర్చుకోండి. ఫారం 29, ఫారం 30 మీద పేరు మార్పు వెంటనే చేయించండి. పాత ఓనరు అప్పు తీరి ఉంటే ఫారం 35 మీద, ఫైనాన్సు వాళ్ళ అభ్యంతరం లేదన్న పత్రంతో ఆ అప్పు గుర్తు ఆర్‌సీ నుంచి తీసేయించాలి. చలాన్లు, బాకీ టాక్సు ఉన్నాయేమో చూడాలి. కొత్త సరుకు బండికి ఫిట్‌నెస్ ఎనిమిదేళ్ళ వరకు రెండేళ్ళకోసారి, ఆ తరవాత ఏటా చేయించాలి. పర్మిట్ కూడా చూడండి. అశ్వారావుపేట దాటితే ఆంధ్రప్రదేశ్. 2014లో పోలవరం ముంపు మండలాలు అటు పోయాక మన లోడు కొన్నిసార్లు పక్క ఊరికి పోయినా రాష్ట్రం దాటినట్టే. నేషనల్ పర్మిట్ ఉందా లేదా తెలియకుండా లోడు ఒప్పుకోకండి.

మొదటి బండే పది టైర్లది కావాలని లేదు. పామాయిల్ గెలలు తోలే ట్రాక్టరుతో మొదలుపెట్టినవాళ్ళు ఉన్నారు. ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు కలిసి ఒక బండి కొన్నా తప్పు లేదు, ఎవరి వాటా ఎంతో స్టాంపు కాగితం మీద రాసుకుంటే చాలు. అన్నదమ్ములైనా రాసుకోండి. కాగితం ఉంటే తగాదా తక్కువ. లోడు మాత్రం రెండు మూడు రకాలు చూసుకోండి. ఎండాకాలం జామాయిల్, వానాకాలం గెలలు, మధ్యలో సిమెంటు, ధాన్యం. ఒక్క కంపెనీ గేటు ముందే నిలబడ్డ బండి ఆ గేటు మూసిన రోజు ఆగిపోతుంది.

చివరగా సంఘం పెద్దలకు మూడు విన్నపాలు. ఒకటి, నెలకో ఆదివారం సంఘం ఆఫీసులో కాగితాలు చదివి చెప్పే పని పెట్టండి. బండి అప్పు కాగితం సంతకం పెట్టకముందే తెస్తే ఉపయోగం, పెట్టాక నా దగ్గరికి తెస్తే నేను చదివి బాధపడటం తప్ప ఏం చేయలేను. చదివి చెప్పడానికి నేను వస్తాను, రిటైరైన టీచర్లు మన దగ్గర ఇంకా ఉన్నారు. రెండు, 18 నిండిన పిల్లలను ఒక్కొక్కరుగా కాకుండా బృందంగా కొత్తగూడెం ఆర్టీవో ఆఫీసుకు తీసుకువెళ్ళండి, మధ్యలో ఎవరికీ కమీషను పోదు. మూడు, సొంత బండి ఉన్న మన డ్రైవర్ల పేర్లు, ఫోను నంబర్లు వాళ్ళు ఒప్పుకుంటే ఒక జాబితా రాయండి. ఇసుక రీచు మన గిరిజన సొసైటీదే అయినప్పుడు, లోడు మోసే లారీ కూడా ముందు మనవాళ్ళది ఎందుకు కాకూడదో అడగడానికి ఆ జాబితా కావాలి.

పిల్లలారా, ఇంటికి పోయాక మీ నాన్ననో అన్ననో ఒక్కటి అడగండి. "మన బండి లెక్క పుస్తకం ఏది?" అని. లేదంటే రేపు సంతలో ఒక నోటు పుస్తకం కొనివ్వండి, మొదటి పేజీలో తేదీ మీరే రాయండి.